పొలంక తండ్రి తడి పొట్ట

ఒకప్పుడు, గుట్టకింది కుంట నెర్రెలిచ్చిన ఎండాకాలంలో, అన్యాయం జరిగింది పొలంక పిట్ట పిల్లలకు. గుడ్లు పగలగొట్టుకుని లోకంలోకి వచ్చాయి. లోకంలో నీళ్లు లేవు.

పొలంక అంటే రాళ్లనేలలో, రాతి రంగులో బతికే పిట్ట. పావురమంత ఉంటుంది. ఆ రోజుల్లో మగ పొలంకల పొట్ట అద్దంలా నున్నగా ఉండేది. ఉండదా మరి? పిల్లల జోలికి పోతే కదా నలగడానికి! పొద్దున్నే గుంపుగా ఎగిరిపోయి నీళ్లు తాగడం, నీడన కూర్చుని కబుర్లాడడం, అదే వాళ్లకు మహా పని. ఓబన్న అనే పొలంక కూడా అంతే. పిల్లలు పుట్టారని విన్నాడు గానీ, దగ్గరికి పోయి చూసింది లేదు.

కుంట ఎండిన కొద్దిరోజులకే అతని పెళ్లాం పుల్లక్క రెక్కను డేగ చీల్చింది. ఇక నీళ్లంటే ఎర్రకొండల అవతలి మడుగే. ఆ ఇంట్లో ఇక ఎగరగలిగింది ఓబన్న ఒక్కడే. పిల్లలు తంగేడాకుల మీది మంచుచుక్కలతో ప్రాణం నిలుపుకుంటున్నాయి.

ఓబన్న ముక్కునిండా నీళ్లు పట్టుకుని ఎగిరొచ్చాడు. నేలమీద అతని నీడ పడగానే పిల్లలు డేగ అనుకుని, రాళ్ల మధ్య రాళ్లయిపోయాయి. ఏది రాయో, ఏది బిడ్డో కన్నతండ్రికి తెలియలేదు. పిలుద్దామని నోరు తెరిచాడు. నీళ్లు కాస్తా నేలపాలయ్యాయి. పిలిచినా ఒక్కటీ కదల్లేదు. ఆ గొంతు అవి ఎప్పుడు విన్నాయి గనక?

పుల్లక్క అరవలేదు.

"ఏమయ్యా, నువ్వెవరో వీళ్లకు తెలీదు. నీళ్లు తర్వాత తెద్దువుగాని. ముందు ఇక్కడ కూర్చో."

కూర్చున్నాడు. రెక్కకింద పొదువుకోవడం తల్లులకు తెలిసిన విద్య. ఓబన్నకు అది రాదు. తనకు చేతనైనట్టు పొట్టకిందికి తోసుకున్నాడు. రెండు పిల్లలు దూరాయి. చిన్నది రాలేదు. దూరంగా నిలబడి, మెడ వంచి అనుమానంగా చూసింది. ఓబన్న దానికి వినబడేలా ఏదో ఒకటి గొణుగుతూనే ఉన్నాడు, మడుగు గురించీ, కొండల గురించీ. పొద్దు వాలేసరికి అదీ వచ్చి దూరింది.

దూరి ఊరుకున్నాయా? రోజూ పొర్లాయి, తన్నాయి, గింజల కోసం మట్టి గోకినట్టు గోకాయి. నున్నటి ఈకలన్నీ ఉంగరాలు తిరిగి గొర్రెబొచ్చులా తయారయ్యాయి. తోటి మగవాళ్లు ఆ పక్కగా పోతూ, గుడ్లు కూడా పెడతావా బావా అని వెక్కిరించారు. ఓబన్న లేచి పోట్లాడలేదు. లేస్తే చిన్నదానికి నిద్ర చెడుతుంది.

ఇంతలో వడగాలి మొదలైంది. మంచుచుక్కలూ లేవు. చిన్నది తల వాల్చేసింది. ఓబన్న పడుతూ లేస్తూ మడుగుకు ఎగిరి, పొట్టదాకా దిగాడు. ముక్కున నీళ్లు పడితే పిలవడానికి నోరుండదు. పిలవకపోతే పిల్లలు రావు. ఏమీ తోచక అలాగే నిలబడ్డాడు.

అప్పుడు నీళ్లే పలికాయి.

"నేను రాతిమీద నిలవను. ఇసుకలో నిలవను. దోసిట్లోనూ నిలవను. నీ పొట్టమీద నిలిచానే. నీ ఈకల్లో నాకు ఈ గూళ్లు ఎవరు కట్టారు?"

"నా పిల్లలు," అన్నాడు ఓబన్న. ఆ మాట అతను అనడం అదే మొదలు.

"అయితే నన్ను వాళ్ల దగ్గరికే తీసుకుపో."

నిప్పులాంటి ఎండలో కొండలు దాటాడు. ఈసారి నోరు ఖాళీ. ఆకాశంలోంచే పిలిచాడు. రాళ్లకు కాళ్లొచ్చినట్టు పిల్లలు పరిగెత్తుకొచ్చాయి. ఓబన్న నిటారుగా నిలబడ్డాడు. పొదుగు దగ్గర దూడల్లా అవి ఈకలు నోటపట్టి పీల్చాయి.

చిన్నది రాలేదు. ఓబన్నే దాని దగ్గరికి పోయి, గొణుగుతూ, తడి ఈకలు దాని ముక్కుకు ఆనించాడు. గాలి ఆగింది. ఒక చుక్క జారింది. చిన్నదాని గొంతు కదిలింది.

చన్నిచ్చిన తండ్రిని అంతవరకు ఆ నేల చూడలేదు. వెక్కిరించినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. మర్నాడు ఒక్కొక్కడూ వచ్చి, మన పిల్లలెక్కడే అని పెళ్లాన్ని అడగడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచే మగ పొలంక పొట్టమీది ఈకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. తను తాగి ఊరికే ఎగిరిపోదు. నీళ్లలో దిగి, పొట్ట నానేదాకా అటూ ఇటూ ఊగి, ఎంత దూరమైనా ఆ తడి మోసుకొస్తుంది. వచ్చి నిటారుగా నిలబడుతుంది. పిల్లలు తాగడం అయ్యేదాకా కదలదు.