చిలక కొరికిన పండు

ఏడు సముద్రాలకు ఇవతల వజ్రకేతుడనే రాజుండేవాడు. ఒకనాడు పొద్దెక్కిన మూడో గడియకు ఆయన కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. విస్తట్లో అన్నం ఇసుకైంది. వంటశాలలో బియ్యం ఇసుకైంది. రాజ్యంలోని గాదెలన్నీ ఇసుకయ్యాయి.

అది కరకంఠుడనే మాంత్రికుడి పని. అతను ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు. "నా అడవిలో దొరికింది నా ఎదుట మూడు పూటలు కడుపునిండా తిన్నవాడికి మీ ధాన్యం ఇచ్చేస్తాను. తినలేనివాడు రాయవుతాడు" అని కబురు పెట్టాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మకరాంకుడు వెళ్లాడు. దీవినిండా ఆకుకూరలే. "గడ్డి మేయడానికి నేనేమన్నా ఎద్దునా?" అన్నాడు. తినలేదు. రాయయ్యాడు. రెండోవాడు శశాంకుడు వెళ్లాడు. అడవిపంది తవ్వి తింటున్న దుంపను తానూ పచ్చిగా కొరికాడు. నోరు వాచింది, ముద్ద దిగలేదు. రాయయ్యాడు.

రాజ్యంలో పొయ్యిలు ఆరిపోయాయి. మూడోవాడు మృగాంకుడు ఓడ సిద్ధం చేయించాడు. వేటకు వెళ్తే జింకల వెంట పడకుండా అడవి పల్లెల్లో పొయ్యిల దగ్గర వంటలు చూస్తూ కూర్చుంటాడని అన్నలు ఎగతాళి చేసేది ఇతన్నే.

"నువ్వూ రాయైతే?" అన్నాడు రాజు.

"ముగ్గురం ఒకచోటే ఉంటాం నాన్నగారూ."

దీవిలో దిగగానే ఒక ఎలుగుబంటి ఎదురైంది. దాని అరికాలిలో ముల్లుంది. తీశాడు.

"ఏం కావాలి నాయనా?" అంది ఎలుగుబంటి.

"తినేవి చూపించు."

"నేను తినేవి చూపిస్తాను. నువ్వు తినొచ్చో లేదో నాకు తెలియదు. నీ కడుపు వేరు, నా కడుపు వేరు."

మొదటి పూట మృగాంకుడు తుమ్మికూర, పొన్నగంటికూర లేత చివుళ్లు గిల్లి, ఉడికించి, నీళ్లు పిండి తిన్నాడు. రెండో పూటకు ఎలుగుబంటి చేదు దుంప తవ్విచ్చింది. దాన్ని పలచగా తరిగి, బుట్టలో పెట్టి, రాత్రంతా వాగులో ఉంచాడు. పొద్దున నీళ్లు మార్చి మార్చి ఉడికించాడు. చిన్న ముక్క నాలుక కొసన పెట్టుకుని చాలాసేపు ఆగాడు. చేదు లేదు, దురద లేదు. తిన్నాడు.

మాంత్రికుడు పళ్లు నూరాడు. అతను అడవిలో ఉంటాడు కాని అడవి తిండి ఎరగడు. పాయసమైనా పప్పైనా మంత్రంతోనే తెప్పించుకుంటాడు.

అతని చెరలో తరళ అనే రాజకుమారి ఉంది. వాగు దగ్గర ఆమె మృగాంకుడితో అంది: "మూడు పూటలూ తిన్నా మాట నిలబెట్టుకోడు. అతని ప్రాణం చిలకలో ఉంది. కాని నోట మంత్రం ఉన్నంతకాలం చిలకను ముట్టినవాడు రాయే."

"నోరు మూయించలేమా?"

"నిద్రలోనూ వాగుతూనే ఉంటాడు."

మూడో పూట మృగాంకుడు తునికి పళ్లు తింటున్నాడు.

"ఇదీ ఒక విద్యేనా?" అన్నాడు మాంత్రికుడు. "అదిగో, నా చిలక తినే పండు. నేనూ తింటాను చూడు." కొమ్మ మీద చిలక నారింజరంగు గుండ్రటి పండు కొరుకుతోంది.

మృగాంకుడు లేచాడు. "అయ్యా, వద్దు. అది విషముష్టి."

"గెలుపు పోతుందని భయమా కుర్రాడా? నా ప్రాణమే దాన్ని రోజూ తింటుంటే నాకేమవుతుంది?"

"చెప్పడం నా ధర్మం."

"నమలడం నాది!" అంటూ పండు తెంపి, గింజలతో సహా కరకర నమిలి మింగాడు.

కొంతసేపటికి మెడ బిగిసింది. దవడ బిగిసింది. చిలక బతికే ఉంది కనుక ప్రాణం పోలేదు. పళ్లు మాత్రం విడలేదు. మంత్రం లోపలే ఉండిపోయింది.

మృగాంకుడు చెయ్యి చాచి చిలకను పట్టుకున్నాడు. రాయి కాలేదు.

"నన్ను చంపకు," అంది చిలక. "ఆయన మంత్రాలన్నీ విని విని నాకు నోటికి వచ్చు. విడుపు మంత్రం చెప్పనా?"

"చెప్పు."

చెప్పింది. అన్నలిద్దరూ రాళ్లలోంచి లేచారు. "ఏమైనా తినడానికి ఉందా?" అన్నాడు పెద్దవాడు. సముద్రాల ఇవతల గాదెల్లో ఇసుక మళ్లీ ధాన్యమైంది. మాంత్రికుడి శక్తులన్నీ ఆ మంత్రంతోనే పోయాయి.

తరళకూ మృగాంకుడికీ పెళ్లయింది. తండ్రి తర్వాత ఇద్దరూ చాలాకాలం ఏలారు. పెళ్లికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక పూట దుంపకూర వండి పెట్టారు.

పెళ్లయిన కొన్నాళ్లకు మృగాంకుడు కోట వెనక అడవిలో, దీవి నుంచి తనతో వచ్చిన చిలక రోజూ వాలే విషముష్టి చెట్టు కిందికి వెళ్లాడు. నేలంతా గింజలు. ఒక్కదానికీ ముక్కు గాటు లేదు. చిలక గుజ్జు మాత్రమే తింటుంది. గింజ ఎప్పుడూ మింగలేదు.