తల కనబడేదాకా చదువు

ఖజానాకి జలుబు చేస్తే చదువుకి లంఖణం పెట్టడం పాలకులకి పాత అలవాటే. కమలగిరి రాజ్యంలోనూ అంతే జరిగింది. ఆడపిల్లలకి మంత్రసాని విద్య నేర్పే పాఠశాలకి ఇచ్చే సొమ్ములో సగం కోసేశారు. కోటలో కాన్పులు చేసేది ఆ పిల్లలే అయినా సభలో ఎవరికీ అది గుర్తు రాలేదు.

సభలో మొరపెట్టుకు రమ్మని పిల్లలంతా నూకాలుని పంపారు. ఆమె తెలివైనదని కాదు, సిగ్గు తక్కువని. ఆ సంగతి నూకాలుకీ తెలుసు.

"ఆడవాళ్లకి సగం చదువు చాలదుటే?" అన్నాడు మంత్రి భైరవయ్య. సభంతా పకపకా నవ్వింది.

"చాలు బాబయ్యా. నా మట్టిబుర్రకి అదే ఎక్కువ," అంది నూకాలు. "నీళ్లు కాచడం వచ్చింది. 'ఓర్చుకో తల్లీ' అనడం వచ్చింది. బిడ్డ తల కనబడేదాకా పాఠం అయింది. ఆ తర్వాతది చెప్పాల్సిన పంతులమ్మ జీతం లేక పక్క రాజ్యానికి పోయింది. అయినా మా తరగతిలో నేనే మొదటిదాన్ని. రెండోది నెత్తురు చూస్తే పడిపోతుంది."

మంత్రి నవ్వు సగంలో ఆగింది. ఇంట్లో కోడలికి నెలలు నిండాయి.

"మరి తల కనబడ్డాక ఏం చేస్తావే?"

"తమరికి కబురు పెడతాను బాబయ్యా. మిగతా సగం తమ దగ్గరే ఉంది కదా!"

ఆ సాయంత్రమే పంతులమ్మ కోసం పల్లకీ బయల్దేరింది. సొమ్మూ తిరిగొచ్చింది. పాఠం పూర్తయ్యేసరికి తరగతిలో నూకాలు ఆఖరిదని తేలింది.

"ఆ రోజు సభలో నోరు మూసుకునుంటే ఇప్పటికీ మొదటిదాన్నే అయ్యుండేదాన్ని," అని తనే అందరికీ చెప్పుకు నవ్వేది.