లోయ అంచున తొమ్మిది రాళ్ళు

పదకొండు రోజులుగా కలిసి నడుస్తున్నా గురువు తన ధ్యానం ఎలా సాగుతోందని ఒక్క ముక్క అడగలేదని విమలుడికి కడుపులో మంటగా ఉంది.

భిక్షువుకి కడుపుమంట ఉండకూడదు. ఆ సంగతి విమలుడికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చల్లారేదైతే అది మంటెందుకవుతుంది?

ఇంగ్లాండు ఉత్తర భాగాన, పెన్నైన్ కొండల మీదుగా స్కాట్లాండు సరిహద్దు దాకా ఒక కాలిబాట పోతుంది. నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ కొండల దిగువన ఒక చిన్న బౌద్ధ విహారం ఉంది. దానికి పెద్ద రేవత భంతే. భంతే అన్నది బౌద్ధ భిక్షువుల్ని గౌరవంగా పిలిచే పిలుపు. ఆయన పుట్టింది పలాస దగ్గర. కుర్రతనంలో ఓడ మీద కలాసీగా వచ్చి, ఇక్కడి ఉన్ని మిల్లులో ఇరవయ్యేళ్ళు పనిచేసి, ఆ తర్వాత కాషాయం కట్టాడు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అయినా ఏటా వేసవిలో ఈ బాట నడుస్తాడు. దగ్గర పైసా ఉండదు. దారిలో ఎవరైనా తమంతట తాము పెడితే మధ్యాహ్నం లోపు తింటాడు, పెట్టకపోతే ఆ రోజుకి అంతే. నోరు తెరిచి అడగకూడదు.

ఈ ఏడు తోడుగా విమలుణ్ణి తీసుకొచ్చాడు. విమలుడు భిక్షువై మూడేళ్ళయింది. అంతకు ముందు నరసరావుపేట వైపు సర్వేయరు. పొలాలు కొలిచి హద్దురాళ్ళు పాతించిన మనిషి. ఆ ఉద్యోగం పోయినా చెయ్యి ఊరుకోలేదు. దారిలో ఎక్కడైనా కూర్చుని కళ్ళు మూసుకున్నప్పుడు మనసు బాగా నిలిచిందనిపిస్తే, లేచి అక్కడ రాయి మీద రాయి పేర్చేవాడు. ఐదో, ఆరో. చిన్న స్తూపంలా.

మొదటి రోజే అడిగాడు. "భంతే, మనసు నిలిచిన చోటికి ఒక గుర్తు పెట్టుకుంటే తప్పా?"

రేవత భంతే ఆ రాళ్ళకేసి చూసి, "మోకాళ్ళు నొప్పెడతన్నాయి నాయినా. నువ్వు ముందు ఎల్లు, నేనెనకాల వస్తాను" అన్నాడు.

కాదనలేదు కదా అనుకున్నాడు విమలుడు. అవుననలేదు కదా అని మాత్రం అనుకోలేదు.

అప్పటినుంచి రోజూ ఇదే తంతు. విమలుడు పేర్చి ముందుకు పోవడం, గురువు వెనకబడిపోవడం. అరగంట ఎదురుచూస్తే గాని ముసలాయన కనబడేవాడు కాదు. ఆ అరగంటా విమలుడు ఓర్పును అభ్యసించేవాడు, అంటే లోలోపల విసుక్కునేవాడు.

ఆ బాట మీద ఎవరో పూర్వీకులు పెట్టిన రాళ్ళగుట్టలు వేరే ఉన్నాయి. చెట్టూ చేమా లేని కొండనెత్తి మీద, పొగమంచు కమ్మితే దారి చూపేవి అవే. ఒక గుట్ట దగ్గర నిలబడి చూస్తే ఇంకో గుట్ట మసగ్గా కనబడుతుంది. దాన్ని పట్టుకుని అక్కడికి చేరితే మరొకటి. చలికాలపు గాలికి అవి కూలుతుంటాయి కాబట్టి, వచ్చేపోయేవాళ్ళు తలా ఒక రాయి వేసి పోవడం అక్కడి ఆచారం. రేవత భంతే ప్రతి గుట్ట దగ్గరా మూలుగుతూ వంగి, ఒక రాయి ఏరి, పైన పెట్టి కదిలేవాడు. విమలుడు పెట్టేవాడు కాదు. ఊరందరూ వేసిన కుప్పలో తన రాయి ఎవరికి కనబడుతుంది?

పన్నెండో రోజు పొద్దున్న, ఒక గొర్రెల దొడ్డి గేటు దగ్గర, మార్జరీ అనే ఆవిడ వాళ్ళిద్దరికీ రొట్టె, జున్ను, ఒక యాపిల్ పండు పెట్టింది. సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ బాటే ఒంటరిగా నడుస్తోంది. ఐదు రోజులుగా వీళ్ళ వెనకే వస్తూ ఉంది. కళ్ళలో పొరలు, ఆపరేషను ఇంకా కాలేదు.

"పది గజాల అవతల నాకు అంతా అలికేసినట్టే ఉంటుంది" అంది, కాలి బొబ్బకి పట్టీ చుట్టుకుంటూ. "కానీ రాళ్ళగుట్ట మాత్రం నల్లగా ఆనుతుంది. దాన్ని పట్టుకుని పోతాను. మీరు పదండి, నేను గంట వెనకాల వస్తాను."

ఆ రోజు విమలుడు ఎప్పటికంటే వేగంగా నడిచాడు. కొండ మీద ఒకచోట బాట పెద్ద లోయ దగ్గరికంటా పోయి, ఒక గుట్ట దగ్గర కుడివైపుకి తిరిగిపోతుంది. విమలుడు తిరగలేదు. నేరుగా ఇరవై ముప్పై అడుగులు వేసి లోయ అంచుకు పోయాడు. కింద వెయ్యి అడుగుల లోతున సన్నగా ఏరు. అంచు మీద చదునైన బండ. కూర్చున్నాడు.

ఆ కూర్చోవడం జన్మలో ఎన్నడూ కూర్చోనట్టు కుదిరింది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. లేచేసరికి కళ్ళలో నీళ్ళు. ఇంత జరిగితే ఐదారు రాళ్ళు ఏం చాలుతాయి? పెద్ద పెద్ద పలకలు ఈడ్చుకొచ్చాడు. తొమ్మిది రాళ్ళు, నడుమెత్తు గుట్ట. సరిగ్గా అంచు మీద, ఆకాశానికి ఎదురుగా. సర్వేయరు చెయ్యి కదా, దారం పట్టినట్టు నిలబడింది.

తర్వాత అడ్డంగా నడిచి బాటలో కలిసి, గురువు వచ్చే అలికిడికి "ఇటు భంతే!" అని కేకేశాడు. భిక్షువు నడిచేటప్పుడు చూపు నాలుగడుగుల మేర నేల మీదే ఉండాలని నియమం. ముసలాయన తలొంచుకునే వచ్చి, మలుపులో గుట్ట మీద రాయి పెట్టి, పిలుపు వచ్చిన వైపు తిరిగాడు. లోయవైపు చూడనే లేదు. విమలుడూ చూపించలేదు. అడగని మనిషికి ఎందుకు చూపించాలి?

రెండు గుట్టలు దాటారు. అంతలో పడమటినుంచి పొగమంచు కమ్ముకొచ్చింది. అక్కడి మంచు మన పొలాల మీది మంచులా మెల్లగా రాదు, తలుపు మూసినట్టు వస్తుంది. చేతిలో మ్యాపు ఉంది గాని ఎదురుగా కొండే లేదు. ఒకవైపు బురద ఊబి, ఒకవైపు లోయ. విమలుడు అడుగు తీసి అడుగు వేస్తూ, గాలికి కళ్ళు చికిలించి వెతుకుతున్నాడు. ఏమీ లేదు. ఇంకో పది అడుగులు. ఏమీ లేదు.

అప్పుడు నల్లగా కనబడింది గుట్ట. పరుగులాంటి నడకతో పోయి రెండు చేతులా పట్టుకున్నాడు.

రేవత భంతే వచ్చి, రొప్పుతూ దాని మీద చెయ్యి వేశాడు. "సూశావా నాయినా. కనబడనప్పుడు ఇదే మనకి దిక్కు. ఇది అబద్ధమాడదు."

విమలుడికి పొద్దున్న మార్జరీ అన్న మాట గుర్తొచ్చింది.

పది గజాల అవతల అలికేసినట్టు. రాళ్ళగుట్ట మాత్రం నల్లగా ఆనుతుంది. దాన్ని పట్టుకుని పోతాను.

మలుపులో గుట్ట దగ్గర నిలబడి చూస్తే ఆవిడకి ముందు కనబడేది ఏది? కుడివైపు చిన్నగా వంద అడుగుల దూరంలో ఉన్నదా, ఎదురుగా ముప్పై అడుగుల్లో నడుమెత్తున నిలబడ్డదా?

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆగిపోయి ఉంటుందిలే, అనుకున్నాడు. ఈ మంచులో ఎవరు నడుస్తారు, దొడ్డిలోకి తిరిగి పోయి ఉంటుంది. ఇన్ని అనుకుంటున్నాడంటేనే ఆగలేదని తనకి తెలుసు. ఐదు రోజులుగా ఆవిడ ఎక్కడా ఆగలేదు. చెబితే గురువు ముందు తన స్తూపం, తన ధ్యానం, అన్నీ ఏమవుతాయి? సిగ్గు లేకుండా ఆ లెక్క కూడా వేశాడు ఒక్క క్షణం.

"భంతే." గుట్ట మీంచి చేతులు తీసేశాడు. "ఒకటి ఆడుతుంది."

"ఏటి?"

"అబద్ధం. లోయ అంచున... నేను పొద్దున్న పెట్టాను. ఆవిడ వెనకాల వస్తోంది."

ముసలాయన తిట్టలేదు. కర్ర కింద పడేసి, సంచిలోంచి ఇనప భిక్షాపాత్ర తీసి, అక్కడే గుట్టకి ఆనుకుని కూలబడ్డాడు. చేతికందిన రాయి తీసుకుని పాత్ర మీద ఠంగున కొట్టాడు. విహారంలో ఆ పాత్రని చప్పుడు కాకుండా కింద పెట్టడం మూడేళ్ళు నేర్పారు విమలుడికి.

"నేను కొడతానే ఉంటాను. ఈ సప్పుడు పట్టుకుని తిరిగి వచ్చెయ్. ఎల్లు!"

విమలుడు పరుగెత్తాడు. వెనకాల ఠంగ్, ఠంగ్. ఒక గుట్ట. ఊబిలో మోకాలి దాకా దిగబడి, చెప్పు వదిలేసి లేచాడు. రెండో గుట్ట. "మార్జరీ గారూ!" అని అరిచాడు. మంచు ఆ కేకని మింగేసింది. మలుపులో గుట్ట చేరి లోయకేసి చూశాడు.

తను పేర్చినది నిటారుగా, అందంగా కనబడుతోంది. రమ్మంటున్నట్టే ఉంది. దాని పక్కన ఎర్రకోటు.

ఆవిడ గుట్ట దాటి ఇంకో అడుగు ముందుకు పోయి ఉంది. ఒక గుట్ట తర్వాత ఇంకో గుట్ట ఉండాలి కదా, దాని కోసం మెడ చాచి చూస్తోంది. కర్రతో ముందు నేలని తడుముతోంది. కర్రకి ఏమీ తగలడం లేదు. ఇంకొంచెం వంగింది.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. విమలుడు తన చేతికర్ర గడ్డిలో వదిలి, ఊపిరి బిగబట్టి, పిల్లి నడకన ముప్పై అడుగులూ నడిచాడు. భిక్షువు స్త్రీని తాకకూడదని నియమం. ఆ నియమం అప్పుడు గుర్తుకే రాలేదు. రెండు చేతులా ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. కర్ర అంచు దాటి పోయింది. అది కింద పడిన చప్పుడు చాలాసేపటికి గాని రాలేదు.

మార్జరీ ఆ చప్పుడు విన్నది. విన్నాక మెల్లగా లేచి కూర్చుంది.

"ఈ గుట్ట పెట్టినవాడు ఎవడో దొరికితే," అంది, "వాడి పళ్ళు ఊడగొడతాను."

"నేనే అమ్మా" అన్నాడు విమలుడు.

ఆవిడ అతని గుండుకేసి, బురద కాలికేసి చూసింది.

"తియ్యి" అంది.

తీశాడు. ఒక్కొక్క రాయీ ఎత్తి దూరంగా మోసుకుపోయాడు. ఏ రాయి ఎక్కడినుంచి తెచ్చాడో గడ్డిలో గుంటలు చెబుతూనే ఉన్నాయి. పొద్దున్న దూదిపింజల్లా తేలిన పలకలు ఇప్పుడు నడుం విరగ్గొడుతున్నాయి. ఒక రాయిని గుంటలో పడేసి తిరిగిపోతుంటే ఆవిడ ఆపింది.

"అలా కాదు. నాచు ఉన్న వైపు పైకి రావాలి. మీ పెద్దాయన అలాగే పెడతాడు."

"మా గురువుగారా?"

"రోజూ ఆయన్ని అందుకున్నప్పుడు దగ్గర్నించి చూస్తున్నాగా. నువ్వు పేర్చి పోతావు. ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి, ఎక్కడిది అక్కడ పెట్టి, చేత్తో గడ్డి సర్ది మరీ లేస్తాడు. లేవడానికే ఆయనకి ఐదు నిమిషాలు పడుతుంది. మీ మతంలో అదో పూజేమో అనుకున్నాను."

విమలుడు వంగి, ఆ రాయిని తిప్పి పెట్టాడు. మిగిలినవీ అలాగే పెట్టాడు.

దూరంగా ఠంగ్, ఠంగ్ అని వినబడుతూనే ఉంది. ఆవిడకి తన చేతికర్ర ఇచ్చి, ఆ చప్పుడు పట్టుకుని ఇద్దరూ నడిచారు.

రేవత భంతే గుట్టకి ఆనుకుని అలాగే కూర్చుని కొడుతున్నాడు. ఎర్రకోటు కనబడ్డాక గాని ఆపలేదు. పాత్ర ఒక పక్క సొట్టపడిపోయింది. రాయి పట్టుకున్న వేళ్ళు చిట్లి రక్తం వస్తోంది. ఆవిణ్ణి చూసి లేవబోయి, లేవలేక, చేతులు రెండూ జోడించాడు.

విమలుడు బురదలోనే సాష్టాంగపడ్డాడు.

"మొదటి రోజే నాతో చెప్పలేకపోయారా భంతే?"

ముసలాయన పాత్ర సొట్టని బొటనవేలితో తడిమాడు. "సెప్పాల్సింది. నేను తీసేస్తే సరిపోద్దనుకున్నాను. అది నా గర్వం."

మంచు ఇంకా తెరిపి ఇవ్వలేదు. ముగ్గురూ బయల్దేరాలి. మార్జరీ చలికి చేతులు రుద్దుకుని, కిందికి వంగి గుప్పెడంత రాయి ఏరి గుట్ట మీద పెట్టింది. రేవత భంతే శిష్యుడి భుజం పట్టుకుని లేచి, తనూ ఒకటి పెట్టాడు.

వాళ్ళని చూసి విమలుడు కూడా ఒక రాయి తీశాడు. తీశాక చెయ్యి కదల్లేదు. ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని, తల దించుకుని అలాగే నిలబడ్డాడు.

"పెట్టు నాయినా" అన్నాడు గురువు. "ఇది నీది కాదు."