వీడియోలో చూసిన ఉచ్చు

ఏడుమడుగుల అడవిలో దుప్పులు, కుందేళ్లు, నక్కలు, ముళ్లపందులు కలిసి బతికేవి. ఒక చలికాలం వేటగాళ్లు దారుల పక్కన ఇనుపతీగతో ఉచ్చులు పన్నడం మొదలుపెట్టారు. పది రోజుల్లో మూడు దుప్పులు కనబడకుండా పోయాయి.

ఆ అడవి బడిలో పాఠాలు చెప్పే ముళ్లపంది పేరు వీరమ్మ. ఉచ్చు గురించి ఆమె ఎంత చెప్పినా పిల్లలకు అంతుపట్టలేదు. వాళ్లలో ఎవరూ ఉచ్చును చూసి ఎరగరు. అసలు ఉచ్చు దగ్గరికి తీసుకెళ్లడం ప్రమాదం.

అడవి చూడవచ్చిన మనుషులు మరిచిపోయిన ఫోను ఒకటి ఆమె దగ్గర ఉంది. వెనక సౌరఫలకం ఉండడంతో, ఎండలో పెడితే దానికి ఛార్జింగ్ ఎక్కేది. అందులో ఉచ్చు మీద రెండు నిమిషాల వీడియో దొరికింది. వీరమ్మ దాన్ని బడిలో చూపించింది. వీడియోలో జింక కాలికి తీగ తగలగానే ఆపి, ఇప్పుడేం చేయాలని అడిగింది. పరుగెత్తాలని అందరూ చెప్పారు. ఆమె వీడియోను మళ్లీ నడిపింది. జింక లాగినకొద్దీ తీగ బిగిసింది. ఒక అడుగు వెనక్కి వేయగానే వదులైంది.

తర్వాత వీరమ్మ గడ్డితాళ్లతో ఉచ్చులు కట్టి, ఒక్కొక్కరినీ కాలు పెట్టి చూడమంది.

కేతుడు అనే కుర్రనక్క ముందుకు రాలేదు.

"వీడియో నాకు కంఠతా వచ్చేసింది టీచరమ్మా. మళ్లీ ఈ గడ్డితాళ్లతో ఆటలెందుకు?" అన్నాడు.

వీరమ్మ నచ్చజెప్పినా వినకుండా వెళ్లిపోయాడు.

తుమ్మి అనే కుందేలు పిల్లకు మొదట్లో అసలు కుదరలేదు. తాడు తగలగానే భయపడి ముందుకే దూకేది. రోజూ ప్రయత్నించింది. ఐదో రోజుకు ఆలోచించకుండానే కాలు వెనక్కి పడింది.

వారం తిరక్కుండానే, ఒక ఉదయం మడుగు దారిలో కేతుడు ఉచ్చులో చిక్కుకున్నాడు. భయంతో ఒక్కసారిగా ముందుకు ఉరికాడు. తీగ కాలిలోకి దిగింది. అటుగా వెళుతున్న తుమ్మి మూలుగు విని ఆగింది. దూరంలో మనుషుల మాటలు వినిపిస్తున్నాయి.

"వెనక్కి ఒక అడుగు వెయ్యి, కేతూ" అంది.

"తెలుసు. కాలు నా మాట వినడం లేదు."

తుమ్మి అతని ఎదుట నిలబడి, తన తలను అతని ఛాతీకి ఆనించి మెల్లగా నెట్టింది. కేతుడు కళ్లు మూసుకుని ఒక అడుగు వెనక్కి జరిగాడు. తీగ వదులైంది. తుమ్మి దాన్ని పళ్లతో పట్టి కాలి నుంచి జార్చింది. ఇద్దరూ పొదల్లోకి దూరేసరికి వేటగాళ్లు వచ్చారు.

గాయం మానింది గాని, కేతుడికి కుంటినడక మిగిలింది. మళ్లీ బడికి వచ్చిన రోజు అతను అందరికంటే చిన్నపిల్లలున్న వరుసలో చివర నిలబడి, గడ్డితాడు దగ్గర తన వంతు కోసం ఎదురుచూశాడు.

నీతి: చూస్తే తెలుస్తుంది, చేస్తేనే వస్తుంది.