వెల్లుల్లి లేని ఆవకాయ

ఇన్నాసి గురువుగారి దగ్గరికి ఎవరైనా ప్రశ్నతో వస్తే, ఆయన ముందుగా వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. చేతులు ఖాళీగా ఉన్నవాడు తన మాట తానే వింటూ కూర్చుంటాడని ఆయన నమ్మకం. ఫాదర్ బాలశౌరి ఒకప్పుడు ఆయన కింద సహాయ గురువుగా ఉన్నాడు. ఆ రోజుల్లో ప్రసంగం చెప్పడం కన్నా ముందు గుడి ఊడవడం నేర్చుకున్నాడు.

ఆ ఏడు మే నెలలో, గురువులందరికీ పై పెద్ద, బిషప్ అయిన మేత్రాణులవారు గురువుల బదిలీలు ప్రకటించారు. బాలశౌరి ఆరేళ్లుగా కంచెలపాడు విచారణను, అంటే ఆ ఊరి గుడినీ చుట్టుపక్కల పల్లెల విశ్వాసులనూ చూసుకుంటున్నాడు. అతన్ని రేగులగుంటకు వేశారు. రేగులగుంటలో ఉన్నది ఇన్నాసి గారే. మోకాళ్లు అరిగిపోయిన ఆయనను వృద్ధ గురువుల నివాసానికి రమ్మన్నారు. శనివారానికల్లా ఎవరి చోటుకు వాళ్లు చేరాలి.

బాలశౌరికి మనసొప్పలేదు. కంచెలపాడులో రేకుల గుడి ఉన్న చోట అతను కొత్త గుడి కట్టించాడు. గోపురం ఒక్కటే మిగిలింది. అది పూర్తయి గుడి ప్రతిష్ఠ జరిగే రోజున బలిపీఠం దగ్గర నిలబడేది మరొకరు. ఊరి పెద్ద చిన్నపరెడ్డి ఈ బదిలీని ఒప్పుకోనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం జనాన్ని ట్రాక్టర్లలో ఎక్కించి మేత్రాణులవారి ఇంటి ముందు కూర్చోబెడతానన్నాడు. బాలశౌరి వాళ్లను వెళ్లమనలేదు. వద్దనీ అనలేదు. అనకపోవడమూ ఒక మాటేనని అతనికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మోటారుసైకిల్ మీద గురువుగారి దగ్గరికి వచ్చాడు.

ఇన్నాసి గారు వసారాలో పీట మీద కూర్చుని ఉన్నారు. వంటచేసే మర్తమ్మ మామిడికాయలు ముక్కలు కొడుతోంది. బాలశౌరి నిలబడే అడిగాడు.

"మొదలుపెట్టినవాణ్ని చివరిదాకా ఉండనివ్వకపోతే, ఆ చేసిన పనికి అర్థమేముంది స్వామీ?"

గురువుగారు అతని చేతికి ఒక పొడిగుడ్డ ఇచ్చి, ముక్కలు తుడవమన్నారు.

బాలశౌరి తుడుస్తూనే అంతా చెప్పాడు. గోపురం గురించి చెప్పాడు. ట్రాక్టర్ల గురించి చెప్పాడు. జనం గట్టిగా అడిగితే పెద్దలు వింటారనీ, అప్పుడు ఇద్దరూ ఉన్నచోటే ఉండవచ్చనీ, ఈ మోకాళ్లతో గురువుగారు మాత్రం ఎందుకు కదలాలనీ అన్నాడు. మనిషి తన కోరికకు ఇంకొకరి కష్టాన్ని తొడుగుగా వేయడం కొత్త సంగతి కాదు. గురువుగారు అతను తుడిచిన ముక్కనొకదాన్ని తిప్పి చూశారు. తడి ఉంటే బూజు పడుతుందని మాత్రం చెప్పారు.

ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపేటప్పుడు మర్తమ్మ సణగడం మొదలుపెట్టింది.

"వెల్లుల్లి లేకుండా ఆవకాయేంటి స్వామీ? ఊళ్లో నా చేతికి ఉన్న పేరు పోతుంది."

"తినేవాడికి పడదు మర్తమ్మా. తింటే రాత్రంతా కడుపులో మంట."

బాలశౌరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. వెల్లుల్లి పడనిది అతనికే. సహాయ గురువుగా ఉన్న రోజుల్లో ఒకసారి ఆ మంటతో పడుకోలేకపోతే, తెల్లవార్లూ పక్కన కూర్చుని మజ్జిగ తాగించింది ఇన్నాసి గారే. అతను ఆ పెద్ద జాడీ వైపు చూశాడు. వెళ్లిపోయే మనిషి ఇంత ఆవకాయ ఎందుకు పెట్టిస్తున్నాడో ఇక అడగవలసిన పని లేకపోయింది.

భోజనానికి కూర్చున్నారు. మర్తమ్మ వేడి అన్నంలో పప్పు వేసి, పాత జాడీ అడుగున మిగిలిన ఆవకాయ గరిటెతో గీకి తెచ్చింది. ఏడాది ఊరిన ముక్క ఇంకా గట్టిగానే ఉంది. వెల్లుల్లి రెబ్బలు పక్కకు తీసి, ఒక్క ముక్కకు ఏమీ కాదులెమ్మని కొరికి, చాలా బాగుందన్నాడు బాలశౌరి.

"రాయప్ప స్వామి పెట్టించాడు. నాకు ముందు ఇక్కడున్నది ఆయనే," అన్నారు గురువుగారు. "జాడీకి గుడ్డ కట్టించిన మర్నాడే బదిలీ అయింది. ఒక్క ముక్కయినా నోట్లో పెట్టుకోలేదు. ఏడాదిగా నేను తింటున్నాను."

"రోజూ ఆయన పేరు తలుచుకుని, దేవుడికి దండం పెట్టి గాని ముద్ద ఎత్తరు," అంది మర్తమ్మ. "వండిపెట్టే నా పేరు మాత్రం నోట రాదు."

గురువుగారు నవ్వి, ఆమె పేరూ చెప్పి దండం పెట్టారు.

బాలశౌరి తల ఎత్తకుండా తిన్నాడు. కంచెలపాడులో ఆరేళ్లు అతను ఒక బావి నీళ్లు తాగాడు. దాన్ని తన ముందున్న ఏ స్వామి తవ్వించాడో ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. తన పేరు నిలవాలని అంత పట్టుగా కోరినవాడు, తన దాహం తీర్చినవాడి పేరు తెలుసుకోలేదు. అది కృతఘ్నత అని ఎవరూ అతనికి చెప్పలేదు. అన్నం ముందు అతనే చెప్పుకున్నాడు.

చేయి కడుక్కుని వాకిట్లోకి వెళ్లి చిన్నపరెడ్డికి ఫోన్ చేశాడు. ఎవరూ బయలుదేరవద్దనీ, తాను శనివారం రేగులగుంటలో చేరుతున్నాననీ చెప్పాడు.

"అక్కడి భోజనం అంత బాగుందా స్వామీ?" అన్నాడు చిన్నపరెడ్డి. "ఇక్కడ మేం ట్రాక్టర్లకు డీజిల్ కూడా పోయించి కూర్చున్నాం."

"బాగుంది చిన్నపరెడ్డిగారూ. వచ్చే స్వామికి మీరూ బాగా పెట్టండి. గోపురం ఆయన చేతుల మీదుగా లేవనివ్వండి."

అవతల చిన్నపరెడ్డి జనాన్ని ఇళ్లకు వెళ్లమని కేకేసి, పోయించిన డీజిల్ ఎలాగూ ఉంది కాబట్టి స్వామి సామాను తామే ట్రాక్టర్‌లో తెచ్చి దింపుతామన్నాడు.

బాలశౌరి లోపలికి వచ్చేసరికి గురువుగారు కొత్త జాడీ మూతికి గుడ్డ కడుతున్నారు. ఫోనులో ఏం మాట్లాడావని అడగలేదు. బాలశౌరి మోకరించి దీవించమన్నాడు. ఆవపిండి అంటిన వేలితోనే గురువుగారు అతని నుదుట సిలువ గుర్తు వేశారు. తర్వాత ముడి బిగించి జాడీని అతని వైపు జరిపారు.

"శనివారం దీన్ని తిరగ కలపాలి శౌరీ. అప్పటికి నేనుండను. ఉప్పు నువ్వే చూసుకో."