రంగులగుట్ట అమ్మవారి జంటరంగుల కన్నులు

రంగులగుట్టకు రెండు దారులున్నాయి. ఒకటి చందనపేట బజారు నుంచి, రెండోది తుమ్మెదపల్లి జొన్నచేల నుంచి వచ్చి గుట్టపైన కలుస్తాయి. అక్కడ చెక్కవిగ్రహంగా కొలువైన అమ్మవారికి ఎడమకన్ను నలుపు, కుడికన్ను ఎరుపు. తొలిసారి వచ్చిన పదిమందిలో తొమ్మండుగురు ఒక కన్నుకు రంగు పోయిందనుకుంటారు. పోలేదు. ఆ రంగులు అమ్మవారు కోరి దిద్దించుకున్నవే.

పూర్వం ఇక్కడ రెండు ఊళ్ళకూ మాటలు లేవు. పల్లెవారు పాలలో వాగునీళ్ళు పోస్తారని పేటవారు, పేటవారు మానికలో బొటనవేలు పెట్టి ఉప్పు కొలుస్తారని పల్లెవారు తగవుపడ్డారు. సంత ఆగింది. దారిని తుమ్మకంప కమ్మేసింది.

ఒక వానాకాలం వాగు పొంగి తీశాక, మేకలు కాసే కొమురవ్వకు గుట్ట కింద బండల నడుమ ఒక మొద్దు కనిపించింది. మేకలన్నీ దాని చుట్టూ మోకాళ్ళు వంచి కదలకుండా ఉన్నాయి. తిప్పి చూస్తే అది స్త్రీమూర్తి. ముఖంలో కన్నులు మాత్రం లేవు. "వాగు మాది" అని పల్లెవారు, "గుట్ట మాది" అని పేటవారు పట్టుబట్టారు. చివరికి ఏ ఊరికీ చేర్చకుండా గుట్టపైన నిలిపి, కన్నులు దిద్దేందుకు పటాలు వేసే ముత్తవ్వను పిలిపించారు.

ముందు పేటవారు ఆమెను తమ ఇంట ఉంచి భోజనం పెట్టారు. ఆమె వారి దీపపు మసితో రెండు కన్నులూ దిద్దింది. ఎండ ఎక్కేసరికి రంగు కారిపోయింది.

"మా అమ్మ మీ మసి పెట్టుకుంటదా?" అని పల్లెవారు నవ్వి, ముత్తవ్వను తమ ఊరికి తీసుకుపోయి ఎర్రమన్ను జాజుతో దిద్దించారు. అదీ కారిపోయింది. అప్పుడు రెండు ఊళ్ళూ మొదటిసారి ఒక్కమాట మీద నిలిచాయి: తప్పు ముత్తవ్వ చేతిదే. మూడోసారి కన్ను నిలవకపోతే ఆమె కుంచె విరిచి, దేశం విడిచి పోవాలన్నారు.

ముత్తవ్వ కుంచె తప్ప మరొకటి ఎరగదు. ఆమె బండ నీడన కూర్చుని ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో అమ్మవారు ఇలా సెలవిచ్చింది: "ఎవరి తిండి తిన్నావో వారికే గీశావు. ఒక్క ఊరి రంగుతో నా చూపు నిండదు. పేట తిండితో పల్లెకు గియ్యి. పల్లె తిండితో పేటకు గియ్యి. ఆపైన నా దగ్గరకు రా."

ముత్తవ్వ నేరుగా పేట పెద్ద పోచలింగం శెట్టి వద్దకు పోయింది.

"మా బియ్యం తిని వాళ్ళ గోడలకు బొమ్మలేస్తవా?" అన్నాడు శెట్టి.

"తిన్నది మీరు పెట్టిందేనని వాళ్ళకు చెప్పుకుంటనే వేస్త, శెట్టిగారూ."

ఆ మాట శెట్టికి నచ్చింది. పల్లెలో పటేలు మరింత బెట్టు చేశాడు. "మా జొన్నలు పోయి ఆ దొంగ మానికలనే పడాల్నా?"

"మీ మానిక మీరే పట్టుకొని రాండ్రి, పటేలా!"

అలా పేట బియ్యంతో పల్లె గోడల మీద పేట బతుకు వెలిసింది: మగ్గం నూలు కోసి నెత్తురోడే వేళ్ళు, గానుగ చుట్టూ ఎద్దుతో పాటు తిరిగే మనిషి. "వీళ్ళకూ మనలెక్కనే నడుములు విరుగుతున్నయే!" అని పల్లె ఆడవారు ఆశ్చర్యపోయారు. తర్వాత పల్లె జొన్నలతో పేట గోడల మీద పల్లె వెలిసింది. అందులో మేకపిల్లను ఎత్తుకున్న కొమురవ్వ ఉంది.

"అవ్వ కాలికి ఆ కట్టేందే?" అని ముత్తవ్వను అడిగింది శెట్టి భార్య.

"మీ దారిల ముల్లమ్మా. మీ పాపకు మేకపాలు తెద్దామని బయల్దేరి, సగం దూరం నుంచి మళ్ళిపోయింది."

శెట్టి భార్య మర్నాడు తానే కొడవలి పట్టి దారిలో దిగింది. పేటంతా ఆమె వెనుక నడిచింది. ఆ చప్పుడు విని పల్లెవారు తమ వైపు నుంచి కంప నరకసాగారు. ఇరువైపుల కొడవళ్ళూ అమ్మవారి ఎదుటే కలుసుకున్నాయి.

ముత్తవ్వ ఒక ఆల్చిప్పలో పేట మసి, మరోదానిలో పల్లె జాజు తీసుకుని చెరొక కన్నూ దిద్దింది. ఎండ ఎక్కింది. ఎవరూ రెప్ప వేయలేదు. కన్నులు నిలిచాయి! డప్పులు మోగాయి. ముత్తవ్వ కుంచెను శెట్టీ పటేలూ చెరొక భుజాన మోసి ఊరేగించారు; అంత చిన్న కుంచెకు రెండు భుజాలెందుకని కొమురవ్వ నవ్వుతూనే ఉంది.

నేటికీ జాతర ముందు పేటవారి కానుకలు పల్లెలో ఉండి ఆడే, పాడే, గీసే కళాకారుల పోషణకు వెళతాయి. పల్లెవారి గింజలు పేటలో ఉండే కళాకారులకు వెళతాయి. పల్లె మానికను ఇప్పటికీ పల్లెవారే తెచ్చి కొలుస్తారు. అమ్మవారి కన్నులు ఆ కళాకారుల చేతులతోనే ఏటేటా కొత్తగా దిద్దబడతాయి. మాటలు ఆగిన అన్నదమ్ములు, వియ్యంకులు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటే మళ్ళీ కలుస్తారని భక్తుల నమ్మకం.

యాత్రికులు ఒక నియమం పాటించాలి. పేట దారిన ఎక్కినవారు పల్లె దారిన, పల్లె దారిన ఎక్కినవారు పేట దారిన దిగాలి. దారి కొత్తదని సంకోచించవద్దు. ముళ్ళు ఏనాడో నరికేశారు. కింద మీకోసం విస్తరి వేసి ఉంటుంది.