తెర మీద దివానుగారి బొమ్మ

ఇంటర్నెట్టు ముందే వచ్చేసిన పాతకాలపు రాజ్యం ఒకటి ఉండేదనుకోండి. అక్కడి రైతులు కాలవ నీళ్లకు అర్జీ పెట్టుకునే వెబ్‌సైట్ తయారుచేసే పని సూరాంబకు దక్కింది. చేసి చూపిస్తే దివానుగారు పెదవి విరిచారు.

"తెరవగానే సన్నాయి మోగాలి. పైనుంచి నా బొమ్మ మెల్లగా దిగాలి. ఆ తర్వాత అర్జీ పెట్టేవాడి ఊరు, పేరు, తాత పేరు అడుగు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి రావాలి."

"అయ్యా, రైతుల ఫోన్లు చిన్నవి, సిగ్నల్ అంతంతమాత్రం. వచ్చినవాడికి కావలసింది ముందు పెట్టాలండి."

"చెప్పింది చెయ్యి. లేదంటే ఇంకొకరు చేస్తారు."

వాదించి లాభం లేదని సూరాంబకు అర్థమైంది. ఆకలి చేత చెప్పిస్తే వింటారని కూడా తోచింది. మర్నాడు భోజనానికి రమ్మని పిలిచింది.

గుత్తివంకాయ కూర అని విని, దివానుగారు పొద్దుటి ఫలహారం మానేసి మరీ వచ్చారు. గుమ్మంలో సన్నాయి మొదలైంది. అరగంట సాగింది. తర్వాత ఆయన బొమ్మ వేసిన తెర జానెడు జానెడుగా దిగింది. దాని వెనకనుంచి కూర వాసన వస్తోంది. సూరాంబ పలక పట్టుకుని ఊరు, పేరు, తాత పేరు అడిగింది. ఆకలిలో ఆయన తాత పేరు బదులు తండ్రి పేరు చెప్పారు. ఆమె పలక తుడిచేసి, సన్నాయివాళ్లకు సైగ చేసింది.

"ఆపవమ్మా," అన్నారు దివానుగారు. "వచ్చినవాడికి కావలసింది ముందు పెట్టాలని తెలీదా?"

"తెలుసండి. మీరే వద్దన్నారు."

దివానుగారు కాసేపు తన బొమ్మ వంక చూశారు. తర్వాత తన చేత్తోనే తెర లాగేసి, విస్తరి ముందు కూర్చున్నారు.

"అక్కడా తీసెయ్," అన్నారు, మొదటి ముద్ద కలుపుకుంటూ.